చేప ఉడికేంత పద్యం

ప్రళయజలధిలో మునిగిపోయిన వేదవాక్కును వెదకి తెచ్చేందుకు పొలుసుల మేను దాల్చిన స్వామీ! నాలుగు ముఖాల దేవునికే మాట పోయిన వేళ నీటి అడుగుకు దిగి దానిని పైకి తెచ్చినవాడవు. నీ రెక్కల కదలికకు నమస్కారం. రెప్ప వేయని నీ కన్నులకు నమస్కారం. ఒక చలికాలంలో మా వంటగదిలో జరిగినదానిని చెప్పబోతున్నాను. నా మాట దారి తప్పకుండా, వినేవారికి విసుగు పుట్టకుండా, కడదాకా తోడుండు.

*

"నీళ్లే ప్రమాదం అమ్మగారూ," అంది ఆ అమ్మాయి.

మావారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మరునాడది. మెదడులో ఒక నరం పూడుకుపోయి ఆయనకు కుడిచేతిలో పట్టు తప్పింది, మాట పోయింది, మింగడం మరపున పడింది. చేయి సంగతి వేరొకరు చూస్తారట. ఈ అమ్మాయి చదివిన చదువంతా మింగడం గురించే. అటువంటి చదువొకటి ఉంటుందని అంతవరకు నేనెరుగను. మేడమీద ఉండే మా మరిది ఆమె గడప దాటకముందే పేరు పెట్టేశాడు: గుటకల మేడం.

"నీళ్లా? గట్టివాటితో కదమ్మా భయం?" అన్నాను.

"వాటితోనూ ఉంది. కానీ నీళ్లకి తొందరెక్కువ. గొంతులో మూత పడేలోపే జారిపోతాయి. పక్కనే గాలిగొట్టం. అందులోకి దిగితే తిన్నగా ఊపిరితిత్తుల్లోకే. ఆసుపత్రిలో ఒకసారి అయింది కదా, నిమ్ము చేసింది కదా?"

"చేసింది."

ఆమె ఆయన వైపు ఒకసారి చూసి, నన్ను నడవలోకి రమ్మని సైగ చేసింది. అక్కడ గోడకు ఆనుకుని గొంతు తగ్గించింది. "ఇంకోసారి నిమ్ము చేస్తే మాస్టారి ఒళ్లు తట్టుకోదమ్మా. డాక్టర్లు మీకు చెప్పలేక నాతో చెప్పించారు. అందుకే ప్రతి ముద్దా చూసి పెట్టాలి. తేనెలా చిక్కగా ఉంటేనే ఏదైనా ఇవ్వండి. పలచనిది చుక్క కూడా వద్దు. పెట్టేటప్పుడు గడ్డం కిందికి వంచమనండి. మింగాక నోరు తెరిపించి చూడండి. నవ్వించొద్దు, మాట్లాడించొద్దు."

చివరి మాట అనవసరమనుకున్నాను. మాటే లేని మనిషిని ఎవరు మాట్లాడిస్తారు?

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనవేళ అంటే భయవేళ అయింది. వీధితలుపు గంట నాలుకకు గుడ్డ చుట్టాను. రేడియో కట్టేశాను. మరిదిని భోజనాల వేళ కిందికి రావద్దన్నాను.

"నేనేం చేశాను వదినా? నోరు మూసుకుని మూల కూర్చుంటా."

"నువ్వు నోరు మూసుకున్నా నీ మొహం చూస్తే మీ అన్నయ్యకు నవ్వొస్తుంది."

"పుట్టించినవాళ్లని అను. మొహం నేను కొనుక్కున్నదా?" అని గొణుగుతూ మెట్లెక్కాడు. ఆ మాటకు కూడా ఆయన పెదవి ఒక పక్కకు లేచింది. చెంచా నా చేతిలో ఉంది. దానిని మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

కంఠంలో గరళాన్ని నిలుపుకున్న దేవుని కథను ఎన్నిసార్లు ఎంతమందికి చదివి వినిపించానో లెక్క లేదు. మింగితే లోకాలకు ముప్పు, ఉమిస్తే లోకాలకు ముప్పు, అందుకని అక్కడే నిలిపాడని అర్థం చెప్పేదాన్ని. వినేవారు తలలూపేవారు, నేనూ ఊపేదాన్ని. ఒక చెంచాడు గుజ్జు మనిషి కంఠంలో నిలిచిపోతే ఏమవుతుందో ఆ తలలూపిన వేళ నాకేమి తెలుసు? ఇప్పుడు ఆయన గొంతుముడి పైకి లేచి కిందికి దిగేంతవరకు నా ఊపిరి కూడా ఆగేది. అది దిగాక ఇంకొక చెంచా. మళ్లీ అదే.

అంత చేసినా ఆయన తినలేదు. అన్నీ నలిపి, వడగట్టి, గుజ్జు చేసి పెడుతుంటే మొహం తిప్పుకునేవారు. చొక్కా మెడపట్టీలో ఆయన మెడ వదులైంది. మణికట్టు మీద గడియారం మోచేతి దాకా జారుతోంది. నిమ్ము సరే, ఆకలే ఆయనను తీసుకుపోతుందేమోనన్న భయం దానికి తోడైంది.

"ఏం తినాలనుందో ఎట్లా తెలిసేదండీ? కూరగాయలా? పండా? పాలా?" అని ఒకనాడు ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

ఆయన ఎడమచేతి చూపుడువేలిని పళ్లెంలోని గుజ్జులో పెట్టారు. వంపుగా ఒక గీత గీశారు. దాని కింద ఇంకొక వంపు. రెండూ కలిసిన చోట ఒక తోక.

"చేపా?"

కళ్లు మూసి తెరిచారు. వేలు ఆగలేదు. చేప చుట్టూ ఒక గుండ్రని గిన్నె గీశారు. అందులో అలల్లాగా మూడు గీతలు.

నాకు అర్థమైంది. చలికాలంలో బడి నుంచి వణుకుతూ వచ్చే ఆయనకు నేను చేసిపెట్టేది అదే: కూరగాయలు ఉడికిన తేటనీటిలో మెత్తగా ఉడికించిన తెల్లచేప. గిన్నె రెండు చేతులతో పట్టుకొని ఆయన ముందు ఆ తేట తాగేవారు. తరువాతే చేప ముట్టేవారు. ఆయనకు కావలసింది ఆ తేట. ఆయనకు అన్నిటికంటే ప్రమాదమైనదీ అదే.

గుటకల మేడంతో చెప్పాను. "చేప మంచిదే. మెత్తగా పొరలు పొరలుగా విడిపోతుంది. కానీ ముల్లు ఒక్కటి కూడా ఉండకూడదు, ఎక్కువ ఉడికి పీచు కాకూడదు. నీళ్లు మాత్రం చిక్కబరచాలి. ఆ బంగాళాదుంప అందులోనే నలిపేయండి."

"తేటగా తాగాలని ఆయనకుంది."

"తెలుసమ్మా. చలి వెళ్లేలోపు చూద్దాం." ఆయన ముందు వంగి, గట్టిగా చెప్పింది. "మాస్టారూ, ముందు చిక్కటిది నేర్చుకోండి. తేటది మీకు పరీక్ష. నేను చెప్పినప్పుడే."

ఆయుష్షంతా పరీక్షలు పెట్టిన మనిషి. బుద్ధిగా తల ఊపారు.

*

చేపల అంగడి మా వీధి మలుపులోనే. తెల్లని కండ, వాసన తక్కువ, ముళ్లు తక్కువ ఉన్నది అడిగేదాన్ని. అంగడివాడు తోలు ఒలిచి, వెన్నుముల్లు తీసి, మందపాటి ముక్కలు కోసి ఇచ్చేవాడు. "ముల్లు లేదు పెద్దమ్మా, పసిపాపకి పెట్టుకోవచ్చు," అనేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. ఆ చలికాలంలో నేను ఎవరినీ నమ్మలేదు.

ముక్కను పళ్లెంలో పరచి, కళ్లు మూసుకొని, తోక వైపు నుంచి తల వైపుకు వేలితో ఎదురు నిమిరేదాన్ని. కళ్లు తెరిచి ఉంటే చూపు వేలిని తొందరపెడుతుంది. ఎక్కడో ఒకచోట వెంట్రుక మొన వంటిది తగిలేది. దానిని పట్టకారుతో లాగేదాన్ని. ఆ తరువాత పళ్లెం మేడమీదికి వెళ్లేది. మా మరిది గడియారాలు బాగుచేసే పని చేసి మానినవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, దీపం దగ్గరకు లాక్కుని, చేపముక్కను గడియారం గుండె విప్పినట్టు పరీక్షించేవాడు.

"ఇందులో ముల్లుంటే నా మీసం తీయించేస్తా వదినా."

"నీ మీసం ఎవరికి కావాలి? మళ్లీ చూడు."

"అది సరే, చేప దేవుడికి దండం పెట్టి, చేపనే తీసుకెళ్లి పొయ్యి మీద పెడతావు. ఆయన ఏమీ అనుకోడా?"

"ఆయన అవతరించింది రక్షించడానికయ్యా. ఏ గిన్నెలోంచి రక్షించాలో ఆయన ఇష్టం."

వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, చీల్చిన ఉల్లిపాయ, క్యారెట్, బంగాళాదుంప, కొత్తిమీర కాడలు, కాసిని మిరియాలు, తగినంత ఉప్పు వేసేదాన్ని. కూరగాయలు మెత్తబడి నీరు లేత బంగారురంగు తిరిగాక, కాడలూ మిరియాలూ ఏరివేసి, మంట బాగా తగ్గించి, అప్పుడు చేపను జారవిడవాలి. అక్కడి నుంచి నీళ్లు మరగకూడదు. వణకాలి, అంతే. మరిగితే చేప బిగుసుకుంటుంది. బిగుసుకుంటే పీచవుతుంది. పీచయితే ఆ గొంతులో ఎక్కడ అతుక్కుంటుందో ఆ దేవుడికే ఎరుక. ముందుగా దింపితే నడిమధ్య పచ్చిగా, జిగురుగా ఉంటుంది. గాజులా ఉన్న కండ పాలలా తెల్లబడిన క్షణాన దింపాలి.

ఆ క్షణాన్ని నేను గడియారంతో పట్టుకోలేదు, ఎన్నడూ. మా వంటింట్లో కాలాన్ని కొలిచింది పద్యమే. వయసులో ఉన్నప్పుడు మావారు మీనరూపుడైన స్వామి మీద కొన్ని పద్యాలు అల్లారు. మాట తడబడే శిష్యుడొకడు జంకు లేకుండా చదవాలని సులువుగా అల్లినవి. ఆ శిష్యునికి ఎంత ఉపకరించాయో గాని, నా వంటకు మాత్రం బాగా ఉపకరించాయి. క్యారెట్‌కు కొన్ని, దుంపకు కొన్ని. చేప నీటిలో పడ్డాక ఇదొక్కటే, రాగం తీసి, తెల్లబడేదాకా మళ్లీ మళ్లీ:

నీటిలోన మునిఁగి నిగమముల్ వెదకిన
మీనరూప! నీకు మేలుకొలుపు;
మాట మునిఁగెనేని మరల నీవే తెమ్ము,
నావ వలెను జేర్చు నాల్క దరికి.

"ఇంట్లో గడియారాల డాక్టరుండగా పద్యాలతో వంటేమిటి? ఊళ్లో తెలిస్తే నా పరువేం కావాలి?" అని మరిది ఎన్నేళ్ల నుంచో దెప్పుతూనే ఉన్నాడు.

మా ఇంట్లో ఇంకొక అలవాటుంది. ఎవరైనా పద్యం ఎత్తుకుని మూడు పాదాలు చదివి ఆపితే, నాలుగోది విన్నవారు అందుకోవలసిందే. ఆయన స్నానాలగదిలోంచి మూడు పాదాలు విసిరేవారు, నేను పొయ్యి దగ్గర నుంచి నాలుగోది తిరిగి విసిరేదాన్ని. చివరి పాదం వదిలేస్తే వీధితలుపు తీసి వదిలేసినట్టే అనేవారు ఆయన. నిద్రలో కూడా అందుకునేవారు.

*

చేప మొదలుపెట్టాక ఆయన తినసాగారు. వంటగది వెచ్చగా ఉంటుందని కుర్చీ అక్కడే వేయించాను. పొరను వేలితో విడదీసి, మళ్లీ ఒకసారి నలిపి చూసి, దుంప మెదిపిన చిక్కని నీటిలో ముంచి, చెంచాతో పెట్టేదాన్ని. గడ్డం వంచేవారు. గొంతుముడి లేచేది, దిగేది. నోరు తెరిచి చూపేవారు, బడిపిల్లవాడు పలక చూపినట్టు. చొక్కా మెడపట్టీ నెమ్మదిగా నిండుతోంది. నా భయం పోలేదు గాని, మాతో కలిసి భోంచేయడానికి అలవాటు పడింది.

ఒకనాటి మధ్యాహ్నం ఆయన ముందున్న ముక్క అయిపోతుండగా, ఇంకా కావాలని వేలితో పళ్లెం తట్టారు. అడిగి మరీ తినడం అదే మొదలు. సంతోషంతో లేచి రెండో ముక్కను నీటిలోకి జారవిడిచాను. వెనక్కి తిరిగి ఒక చెంచా నోట్లో పెట్టాను. మళ్లీ పొయ్యి వైపు తిరిగాను. చేయి మంట మీద, చూపు చేప మీద. పెదవులు వాటంతట అవే కదిలాయి.

"నీటిలోన మునిఁగి..."

రెండో పాదం అయింది. మూడోది సగంలో ఉండగా గిన్నె అంచున బుడగలు కనిపించాయి. "...మరల నీవే తెమ్ము" అని, ఆపి, మంట తగ్గించడానికి వంగాను.

"నావ," అంది వెనుక నుంచి ఒక గొంతు.

బొంగురుగా, తుప్పు పట్టినట్టుగా ఉంది. అయినా ఆయనదే. ఆ గొంతు విని ఎంతకాలమైంది! వెనక్కి తిరిగేంతసేపు నా అంత భాగ్యవంతురాలు లోకంలో లేదు. తిరిగి చూశాను.

ఆయన దగ్గడం లేదు. దగ్గితే బాగుండేది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. ఎడమచేయి బల్ల అంచును పట్టుకుని బిగుసుకుంది. పెదవుల చుట్టూ రంగు మారుతోంది. కళ్లు నన్నే చూస్తున్నాయి.

నేనేమని అరిచానో నాకు తెలియదు. మరిది మెట్ల మీద నుంచి దొర్లినట్టే వచ్చాడు. కుర్చీని కాలితో తన్ని, అన్నను ముందుకు వంచి, ఒక చేతిని రొమ్ము కింద పెట్టి, రెండో చేతి మడమతో వీపు నడుమ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "పడు! బయటపడు, పాడుముండాదానా!" అని చేపను తిడుతూ కొట్టాడు. తెల్లని పొర ఒకటి నేలమీద పడింది. ఆ వెంటనే చిరిగిన తిత్తిలోకి గాలి పోయినట్టు ఆయన ఊపిరి వినిపించింది.

మరిది నేలమీద కూలబడి అన్న మోకాలు పట్టుకున్నాడు. "ఇంకోసారి ఇట్లా చేశావంటే నీతో మాట్లాడను అన్నయ్యా. ఒట్టు." ముక్కు తుడుచుకున్నాడు. గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. రెండో ముక్క తునాతునకలై తిరుగుతోంది. దానిని దింపాలని మా ఎవరికీ తోచలేదు.

ఆపై కొన్నాళ్లు ఆయన చంకలో జ్వరం కొలిచే గొట్టం పెట్టడమే మా పని. డాక్టరు వచ్చి వీపు మీద చెవిగొట్టం ఆన్చి, "ఏదో కొద్దిగా దిగినట్టుంది, చూడాలి," అన్నాడు. ఒళ్లు వెచ్చబడింది. ఇంకొంచెం వెచ్చబడింది. నేను ఆయన పక్కన కూర్చుని గొట్టంలోని గీతను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, దించి, నమ్మకం కుదరక మళ్లీ ఎత్తేదాన్ని. ఆ గీత దిగడం మొదలుపెట్టిన ఉదయం, మంచు పట్టిన కిటికీ అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడిపోయాను.

గుటకల మేడం అంతా విని అడిగింది. "ఏమన్నారు? ఆ మాటేమిటి?"

చెప్పాను. పద్యం సంగతి, పాదం అందుకునే అలవాటు, అన్నీ.

"మామూలు మాట ఒక చోట ఉంటుందమ్మా, చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చినవి ఇంకో చోట. ఆ రెండో గది తలుపు చెడలేదన్నమాట. ఇది మంచి కబురే." నా మొహం చూసి ఆగింది. "కానీ నోట్లో ముద్ద ఉండగా కాదు. ముందు గుటక, తరవాతే మాట. ఆ వరస ఆయనకి నేర్పాలి. ఖాళీ నోటితో పొద్దున్నే మొదలుపెట్టండి. పద్యం మీరే చదవాలి."

ముల్లుకు భయపడ్డాను, పీచుకు భయపడ్డాను, నీటికి భయపడ్డాను. ఆయన ప్రాణం మీదికి తెచ్చింది వీటిలో ఏదీ కాదు, నా నోరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ భయం కలిగినా ఏ నామాన్ని పట్టుకుని గట్టెక్కానో ఆ నామమే నా పెదవి దాటరానిదైంది.

"చదువుతానమ్మా," అన్నాను. చదవలేదు.

*

ఆ తరువాత నేను వంటగదిలోకి అడుగుపెట్టే ముందు ఒక లవంగాన్ని పళ్ల నడుమ పెట్టుకునేదాన్ని. పెదవి కదిలితే నాలుక చురుక్కుమనేది. దేవుని మందిరం దగ్గర కూడా మనసులోనే మొక్కేదాన్ని. అక్కడి నుంచి వంటగదికి వినబడుతుందేమోనని.

పద్యం లేని వంట నా చేతికి పట్టుబడలేదు. ఒకనాడు చేప నడుమ జిగురుగా మిగిలింది, ఒకనాడు తాడులా బిగుసుకుంది. రెండూ పారవేశాను. మరిది తన పెట్టెలోంచి చిన్న గడియారం తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. అది టింగుమని మోగేసరికి ఆయన కంటే ముందు నేనే ఎగిరిపడ్డాను.

"తీసుకుపో దాన్ని!" అన్నాను, లవంగం దవడలోకి నెట్టి.

"నా గడియారాలకి ఈ ఇంట్లో ఎప్పుడూ మర్యాద లేదు," అని చంకలో పెట్టుకుని పోయాడు.

పాఠం సంగతి మరిదికి తెలిసిపోయింది. నేను చదవడం లేదని కూడా గ్రహించాడు. ఒక ఉదయం నేను మంచం దులుపుతుండగా ముందుగదిలోంచి వినిపించింది. మా మరిదికి గడియారాలలోని పళ్లచక్రాలన్నీ తెలుసు గాని, పద్యం ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగాలో తెలియదు.

"నీటిలోన... మునిగి వేదాలు వెదికేసిన... మీనరూపా నీకు సుప్రభాతం..."

టపటపా కుర్చీచేతి మీద కొడుతున్న చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. ఆయన మొహం ఎర్రబడింది. ఎడమచేత్తో కుర్చీని కొడుతూ, తప్పు చదివిన పిల్లవాడిని చూసినట్టే తమ్ముణ్ణి చూస్తున్నారు.

"ఏం, తప్పా? సరే, నువ్వు చెప్పు మరి. ఆగు, ముందు గుటక. గుటకల మేడం కొడుతుంది. మింగావా? చూపించు. ఆ, ఇప్పుడు చెప్పు."

ఆయన మింగారు. నోరు తెరిచి చూపారు. పెదవులు కూడదీసుకున్నారు. "ని... గ... మ..."

"నిగమమా? ఏదో ఒకటి, అర్థం అదేగా?"

మళ్లీ టపటపా. ఆ చప్పుడు వింటూ నేను దుప్పటి మొహానికి అడ్డుపెట్టుకున్నాను. వెళ్లి కూర్చోవలసింది నేనే. వెళ్లలేదు. రోజూ ఉదయం ఆ పాఠం జరిగేది, రోజూ నేను తలుపు ఇవతలే నిలబడేదాన్ని. మరిది పద్యాన్ని ఎన్ని విధాల విరవవచ్చో అన్ని విధాలా విరిచాడు. ఆయన అన్ని ముక్కలూ ఏరి సరిచేశారు. గుటక వేసి, చూపి, ఆ తరువాతే. కాని నోటిలో ఏదైనా ఉండగా ఆ వరస నిలుస్తుందా? మేడమీది నుంచి ఎవరైనా దిగివచ్చేలోపు ఏమవుతుంది? ఆ తలపు వస్తే చాలు, లవంగం మీద పళ్లు బిగుసుకునేవి.

చలి వెనకపట్టు పట్టసాగింది. కిటికీ అద్దాల మీది మంచు పొద్దెక్కకముందే కరిగిపోతోంది. అప్పుడు గుటకల మేడం వచ్చి, ఆయన మెడ మీద రెండు వేళ్లు ఆన్చి, చెంచాడు మంచినీళ్లు ఇచ్చి మింగించింది. చెవిగొట్టంతో విన్నది. మళ్లీ మింగించింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చూడలేక నేలవైపు చూశాను.

"మాస్టారూ, పరీక్షకి రెడీయేనా?" అంది. "అమ్మగారూ, రేపు మధ్యాహ్నం తేటది ఇవ్వండి. చిన్న చెంచాతో, ఒక్కొక్కటే. మీరే పెట్టండి."

"నువ్వుండవా అమ్మా?"

"నేనుంటే అది నా పరీక్ష అవుతుంది."

*

మరునాడు నేను చేసినట్టు చేప ఎవరూ చేసి ఉండరు. వేలితో రెండుసార్లు నిమిరాను. మరిది భూతద్దంతో చూసి, మీసం మీద ఒట్టు పెట్టి, పిలవకుండానే మెట్ల మొదట వచ్చి నిలబడ్డాడు. నీరు బంగారురంగు తిరిగింది. గిన్నె అడుగున క్యారెట్ ముక్క మీది గీతలు కూడా కనిపించేంత తేటగా ఉంది. దుంపను మెదపలేదు. ఒక చిన్న గిన్నెలోకి ఆ తేటను తీసి కాస్త చల్లార్చి, చేపను పెద్దగిన్నెలోకి జారవిడిచి, ఆయన ముందు కూర్చున్నాను.

ఆయన గిన్నెలోకి చూశారు. ఆవిరి ఆయన కళ్లజోడును కప్పింది. తీసి తుడిచి మళ్లీ పెట్టాను.

చెంచా ముంచాను. ఎత్తాను. సగం బల్ల మీద ఒలికింది. మళ్లీ ముంచాను. తేనెలా కదలక నిలిచే గుజ్జు కాదది. చెంచాలో అటు ఇటు పరుగెడుతోంది, ఎక్కడికి పోవాలో ముందే నిశ్చయించుకున్నట్టు. ఆయన గడ్డం వంచి నోరు తెరిచి కాచుకుని ఉన్నారు. నేను పెట్టలేకపోయాను. అప్పుడు ఆయన ఎడమచేయి నా మణికట్టును పట్టి, చెంచాను తానే నోటిలోకి నడిపించుకుంది.

పెదవులు మూసుకున్నాయి. తేట లోపల ఉంది. నేను ఆ గొంతుముడిని చూస్తున్నాను. అది కదలలేదు. ఆ రుచిని అంతకాలం తరువాత నాలుక మీద నిలుపుకున్నారో, లేక మింగడమే మరిచారో నాకు తెలియదు. లోకమంతా ఆ ఒక్కచోట ఆగింది.

నా చెవికి ఏదో వినిపించింది. సన్నగా, దూరంగా, ఎవరో చదువుతున్నారు.

"...మీనరూప! నీకు మేలుకొలుపు;
మాట మునిఁగెనేని మరల నీవే తెమ్ము..."

అది నేనే. లవంగం ఎప్పుడు ఒడిలో పడిందో తెలియదు. భయమే నా చేత చదివిస్తోంది. తెలిసిన మరుక్షణం నోటికి చేయి అడ్డుపెట్టుకున్నాను. మూడో పాదం అయిపోయింది. నాలుగోది గాలిలో నిలిచింది. ఆయన నోటిలో తేట ఉంది. మెట్ల దగ్గర మరిది ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. నిద్రలో కూడా ఆగనిది అదే.

ఎడమచేతి చూపుడువేలు పైకి లేచింది. తొందరపడి జవాబు అరిచే పిల్లవాడిని తరగతిలో ఆపే వేలు. ఆగు, అంది ఆ వేలు. ఆయన గడ్డాన్ని రొమ్ముకు ఆన్చారు. గొంతుముడి పైకి లేచింది. అక్కడ నిలిచినట్టే నిలిచి, దిగింది. దగ్గు లేదు. నోరు తెరిచి, నాకు చూపి, అటు తిరిగి తమ్ముడికి కూడా చూపారు. ఖాళీ. వేలు ఇంకా పైనే ఉంది. ఒక ఊపిరి తీసుకున్నారు.

"నావ... వలెను... జేర్చు..." అక్కడ ఆగి వెదికారు. "నాల్క... దరికి."

వేలు దిగింది.

నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. ఆయనను చూస్తూ కూర్చున్నాను. ఆయన మాత్రం నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ కనుబొమలు ముడిచారు. పెదవులు మళ్లీ కూడదీసుకుంటున్నాయి. ఏ పద్యంలోనూ లేని, ఎవరూ అందించని మాట కోసం గొంతులో ఏదో కదిలింది.

"చే... ప," అన్నారు.

"ఏమండీ?"

ఆయన వేలు పొయ్యి వైపు తిరిగింది. గిన్నె అంచున బుడగలు లేస్తున్నాయి. "చేప!" అన్నారు మళ్లీ, ఈసారి గట్టిగా, బడి వరండా చివరిదాకా వినిపించే గొంతుతో.

మరిది పరుగున వచ్చి మంట ఆర్పాడు. గిన్నెలోకి వంగి చూశాడు. "కాస్త బిగిసింది వదినా," అన్నాడు. మీసం చప్పరిస్తూ నిలబడ్డాడు. "ఫరవాలేదు. ఇది నేను తింటా."

"కూర్చో," అన్నాను. "ఇక్కడే కూర్చుని తిను."

తేట గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయనకు ఒక్కొక్క చెంచా పెట్టాను. ఇప్పటికీ ఆయన ఏదైనా తాగుతుంటే నా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ గొంతుముడి దిగేదాకా.

ఈ కథ విన్నవారి ఇళ్లలో పొయ్యి మీది నీరు సన్నగా వణుకుతూ ఉండుగాక. వారి ముద్ద ముద్ద దారిన, ఊపిరి ఊపిరి దారిన సాగుగాక. వారు సగంలో విడిచిన పాదాన్ని అందుకునే గొంతు పక్కగదిలో కలకాలం ఉండుగాక. మీనరూపుడైన స్వామి అందరినీ చల్లగా కాచుగాక.